కోచ్‌ది తప్పా, ఆటగాళ్లది లోటా: భారత ఫుట్‌బాల్ ఓటములను విడదీసి చూస్తే

2025 నవంబరు 18న ఢాకాలో భారత ఫుట్‌బాల్ జట్టు బంగ్లాదేశ్ చేతిలో 0-1 తేడాతో ఓడిపోయింది. బంగ్లాదేశ్ చేతిలో భారత్ ఓడడం ఇరవై రెండేళ్లలో అదే మొదటిసారి. అంతకు నెల రోజుల ముందే మడ్‌గావ్‌లో సింగపూర్ చేతిలో ఓడి 2027 ఆసియా కప్ అవకాశాన్ని పోగొట్టుకున్నందువల్ల ఢాకా ఫలితంతో కొత్తగా పోయేదేమీ లేదు. అయినా అభిమానుల మధ్య పాత వాదం మళ్లీ భగ్గుమంది. తప్పంతా కోచ్ ఖాలిద్ జమీల్‌దేననీ, జట్టు ఎంపిక మొదలు ఆడించిన తీరు దాకా ఏదీ సరిగా లేదనీ ఒక వర్గం తేల్చింది. ఎవరు వచ్చినా ఈ ఆటగాళ్లతో ఇంతకు మించి జరగదని రెండో వర్గం తేల్చింది.

ఈ వాదం ఎంతకీ తెగకపోవడానికి కారణం ఒకటుంది. రెండు పక్షాలూ చాలావరకు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నాయి. ఫలానా మ్యాచ్ ఎందుకు ఓడాం అన్నది ఒక ప్రశ్న. ఏళ్ల తరబడి ఒకే స్థాయి దగ్గర ఎందుకు తిరుగుతున్నాం అన్నది మరో ప్రశ్న. మొదటి దానికి పనికొచ్చే సాక్ష్యం రెండో దానికి పనికిరాదు.

కోచ్ చేతిలో ఉండేది, ఉండనిది

జాతీయ జట్టు కోచ్ చేసే పనులు ముఖ్యంగా మూడు. ఉన్నవాళ్లలో ఎవరిని తీసుకోవాలో నిర్ణయించడం, వాళ్లను మైదానంలో ఏ అమరికలో ఏ బాధ్యతతో నిలబెట్టాలో చెప్పడం, మ్యాచ్ సాగుతుండగా ఎవరిని ఎప్పుడు మార్చాలో తేల్చుకోవడం. ఆటగాడికి బంతి మీద పట్టు నేర్పడం గానీ, రెండో కాలితో కొట్టడం అలవాటు చేయడం గానీ ఆయన పని కాదు. ఇరవై అయిదేళ్ల వయసులో శిబిరానికి వచ్చిన మనిషికి పది రోజుల్లో అవి నేర్పడం ఎవరి తరమూ కాదు.

ఇక ప్రతిభ అన్నప్పుడు చాలామంది పుట్టుకతో వచ్చిన వరాన్ని ఊహిస్తారు. ఫుట్‌బాల్‌లో ఆ మాటకు అర్థం అంతకంటే విశాలమైనది. ప్రత్యర్థి మీదికి దూసుకొస్తున్నా బంతిని ఒక్క తాకుడుతో అదుపు చేయడం, పాస్ అందకముందే తరవాతి పాస్ ఎటు ఇవ్వాలో చూసి పెట్టుకోవడం, తొంభయ్యో నిమిషంలోనూ పరుగు తగ్గకపోవడం వంటివన్నీ అందులో భాగమే. వీటిలో ఎక్కువ భాగం ఏడెనిమిదేళ్ల వయసు నుంచి పదహారేళ్ల లోపు అబ్బేవి. అంటే ఈ రోజు ప్రతిభ అని మనం లెక్కవేసేది, పదిహేనేళ్ల క్రితం ఏదో ఒక ఊరి మైదానంలో మరో కోచ్ చేసిన పనికి ఫలితం. కోచింగా, ప్రతిభా అన్న గీత చెరిగిపోవడం ఇక్కడే మొదలవుతుంది. ఈ విషయానికి మళ్లీ వద్దాం.

ముందు సమయం సంగతి చూద్దాం. అంతర్జాతీయ మ్యాచ్‌ల కోసం ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా 2025 దాకా ఏడాదిలో అయిదు విడతలు కేటాయించేది. ఒక్కో విడతకు ఆటగాళ్లు తొమ్మిది రోజులు కోచ్ దగ్గర ఉంటారనుకుంటే మొత్తం నలభై అయిదు రోజులు. అందులో ప్రయాణాలూ, మ్యాచ్ రోజులూ, అలసట తీరే రోజులూ తీసేస్తే నిజమైన సాధనకు మిగిలేది ఇరవై, ఇరవై అయిదు రోజులు. వారానికి అయిదు రోజుల చొప్పున నలభై వారాలు సాధన చేయించే క్లబ్ కోచ్‌కు రెండు వందల రోజులు దొరుకుతాయి. ఇది ఉజ్జాయింపు లెక్కే. అయినా జాతీయ కోచ్ ప్రభావానికి పైకప్పు ఎంత ఎత్తులో ఉంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఒకే మనిషి, హైదరాబాద్‌లో ఒక ఫలితం, జాతీయ జట్టులో మరొకటి

ఈ తేడాను కొలవడానికి మనోలో మార్కెజ్ కంటే మంచి ఉదాహరణ దొరకదు. తెలుగు అభిమానులకు ఆయన బాగా తెలిసినవాడు. 2019-20 ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) సీజన్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ పద్దెనిమిది మ్యాచ్‌లలో పది పాయింట్లతో అట్టడుగున నిలిచింది. ఆ తరవాత స్పెయిన్ నుంచి వచ్చిన మనోలో మొదటి సీజన్‌లోనే జట్టును అయిదో స్థానానికి తెచ్చాడు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో వంటి యువకులు ఆయన చేతిలోనే పేరున్న ఆటగాళ్లయ్యారు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి హైదరాబాద్ ఐఎస్‌ఎల్ కప్ ఎత్తింది. కోచింగ్ గొప్పతనానికి ఇంతకంటే రుజువేం కావాలి అని మొదటి వర్గం అడుగుతుంది. అడగడంలో న్యాయం ఉంది.

అదే మనోలో 2024 జులైలో భారత జట్టు పగ్గాలు చేపట్టాడు. మొదటి మ్యాచ్ గచ్చిబౌలిలోనే, 179వ ర్యాంకులో ఉన్న మారిషస్‌తో. ఫలితం 0-0. ఏడాది తిరిగేసరికి ఎనిమిది మ్యాచ్‌లలో మాల్దీవులపై ఒకే ఒక్క గెలుపు, నాలుగు డ్రాలు, మూడు ఓటములు మిగిలాయి. 2025 జులైలో ఉభయుల అంగీకారంతో ఆయన తప్పుకున్నాడు.

మధ్యలో మనిషి తెలివి తగ్గిపోయిందా? అలా అనుకోవడం కష్టం. రెండు చోట్లా మారినవి ఏమిటో చూడాలి. హైదరాబాద్‌లో ఆయనకు రోజూ సాధన దొరికింది, తనకు నచ్చిన విదేశీ ఆటగాళ్లు దొరికారు. కప్ గెలిచిన సీజన్‌లో నైజీరియా స్ట్రైకర్ బార్తొలోమ్యూ ఒగ్బెచే ఒక్కడే 18 గోల్స్ కొట్టి లీగ్ మొత్తానికి అగ్రస్థానంలో నిలిచాడు. జాతీయ జట్టులో ఒగ్బెచే ఉండడు. అతడు నిలబడిన చోట నిలబడేందుకు మనోలో మాజీ కెప్టెన్ సునీల్ ఛెత్రీని రిటైర్‌మెంట్ నుంచి వెనక్కి పిలవాల్సి వచ్చింది. అప్పటికి ఛెత్రీ వయసు నలభై.

ఈ కథకు మూడో అంకం కూడా ఉంది. మనోలో వెళ్లిపోయాక హైదరాబాద్ ఎఫ్‌సీ ఆర్థిక ఇబ్బందుల్లో పడింది. విదేశీయులూ, పేరున్న స్వదేశీయులూ ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2023-24 సీజన్‌లో కోచ్ తంగ్‌బోయ్ సింగ్టో ఎక్కువగా కుర్రాళ్లతోనే బరిలోకి దిగాల్సి వచ్చి, సీజన్ మొత్తంలో ఒకే ఒక్క మ్యాచ్ గెలవగలిగాడు. కోచ్ మారాడు కాబట్టి జట్టు పడిపోయిందని పాయింట్ల పట్టికను మాత్రమే చూసేవాళ్లు అనవచ్చు. జీతాలు అందని జట్టును ఎవరు ఆడించినా అంతేనని ఆ సీజన్‌ను గచ్చిబౌలిలో కూర్చుని చూసినవాళ్లు అంటారు. నేను రెండో మాటనే నమ్ముతాను. కోచ్ మార్పూ, ఆటగాళ్ల మార్పూ ఒకేసారి జరిగినప్పుడు దేని వాటా ఎంతో తేల్చడం ఎంత చిక్కో కూడా ఇది చూపిస్తుంది. చివరికి 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది.

పదకొండు మ్యాచ్‌లు, నాలుగు గోల్స్

చిక్కు లేకుండా చూడాలంటే ఆటగాళ్లు దాదాపు వాళ్లే ఉండి, కోచ్ మాత్రమే మారిన కాలాన్ని తీసుకోవాలి. భారత జట్టుకు 2024 సరిగ్గా అలాంటి ఏడాది.

ఆ ఏడాది మొదటి సగంలో కోచ్ ఇగోర్ స్టిమాక్. జనవరిలో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్‌లో ఆస్ట్రేలియా చేతిలో 0-2, ఉజ్బెకిస్థాన్ చేతిలో 0-3, సిరియా చేతిలో 0-1. మార్చిలో ప్రపంచ కప్ క్వాలిఫయర్లలో అఫ్గానిస్థాన్‌తో 0-0, తిరిగి గువాహటీలో వాళ్ల చేతిలోనే 1-2. జూన్‌లో కోల్‌కతాలో కువైట్‌తో 0-0, దోహాలో ఖతార్ చేతిలో 1-2. స్టిమాక్‌ను తొలగించారు. రెండో సగంలో మనోలో. మారిషస్‌తో 0-0, సిరియా చేతిలో 0-3, వియత్నాంతో 1-1, మలేసియాతో 1-1. మొత్తం పదకొండు మ్యాచ్‌లు, ఒక్క గెలుపూ లేదు, కొట్టిన గోల్స్ నాలుగు. ఆ నాలుగింటిలో ఒకటి ఛెత్రీ కొట్టిన పెనాల్టీ, ఇంకొకటి కార్నర్ నుంచి డిఫెండర్ రాహుల్ భేకే తలతో కొట్టినది. మిగిలిన రెండూ ముందువరుస ఆటగాళ్లు చాంగ్టే, ఫారూఖ్ చౌదరిలవి.

క్రొయేషియా తరఫున 1998 ప్రపంచ కప్‌లో మూడో స్థానం అందుకున్న డిఫెండర్ ఒకరు, స్పెయిన్ బడిలో తయారైన కోచ్ మరొకరు. ఇద్దరి ఆలోచనలూ వేరు. అయినా గోల్స్ రాకపోవడం అనే జబ్బు ఇద్దరి దగ్గరా అలాగే ఉంది. జమీల్ వచ్చాక కూడా పెద్దగా మారలేదు. ఆసియా కప్ క్వాలిఫయర్లలో ఢాకా ఓటమి దాకా ఆడిన అయిదు మ్యాచ్‌లలో (మొదటి రెండూ మనోలో కిందివి) రెండే గోల్స్. ముగ్గురు వైద్యులు మారినా ఒకే లక్షణం కనిపిస్తుంటే రోగి వైపు చూడడం సబబే. రెండో వర్గం చేతిలో ఉన్న బలమైన ఆధారం ఇదే.

అయితే వాళ్లు దాటవేసే సంగతి ఒకటుంది. ఆ ముందు ఏడాది, 2023లో, ఇదే స్టిమాక్ దాదాపు ఇదే జట్టుతో ఇంఫాల్‌లో ముక్కోణపు టోర్నీ, భువనేశ్వర్‌లో ఇంటర్‌కాంటినెంటల్ కప్, బెంగళూరులో దక్షిణాసియా జట్ల శాఫ్ టైటిల్ గెలిచాడు. నవంబరులో కువైట్‌ను కువైట్‌లోనే 1-0తో ఓడించాడు. ర్యాంకు వందలోపుకు వచ్చింది. రెండు నెలల్లో కోచ్ గానీ ఆటగాళ్లు గానీ అంతగా దిగజారిపోరు. మారింది ముఖ్యంగా ఎదుటి జట్ల స్థాయి. దానికి తోడు అన్వర్ అలీ, జీక్సన్ సింగ్, ఆషిక్ కురుణియన్ గాయాలతో ఆసియా కప్‌కు దూరమయ్యారు. అంటే 2023లో కనిపించిన వెలుగు కొంత సొంతగడ్డ మీద ఆడినందువల్ల, కొంత బలహీన ప్రత్యర్థుల వల్ల వచ్చినది. ర్యాంకు చూసి మురిసిపోయినవాళ్లు ఆ రోజు కోచ్‌ను ఎంత పొగిడారో, మరుసటి మార్చిలో అంతే తిట్టారు.

కోచ్‌ను తప్పు పట్టక తప్పని రోజు

గువాహటీ మ్యాచ్‌ను మాత్రం ప్రతిభ లోటు ఖాతాలో వేసి తప్పించుకోలేం. 2024 మార్చి 26న భారత్ ర్యాంకు 117, అఫ్గానిస్థాన్ ర్యాంకు 158. పైగా అఫ్గాన్ ప్రధాన ఆటగాళ్లలో పలువురు తమ సమాఖ్యతో విభేదించి జట్టుకు దూరంగా ఉన్నారు. ఛెత్రీకి అది 150వ అంతర్జాతీయ మ్యాచ్. తొలి సగంలో అతడి పెనాల్టీతో భారత్ ముందంజ వేసింది. సొంతగడ్డ, సొంత ప్రేక్షకులు, చేతిలో ఆధిక్యం ఉన్నాయి. చివరి ఇరవై నిమిషాల్లో రెండు గోల్స్ సమర్పించుకుని ఓడిపోయింది. ఆధిక్యం ఉన్నప్పుడు ఆటను ఎలా నెమ్మదింపజేయాలి, అలసిన మధ్యవరుసను ఎప్పుడు మార్చాలి అన్నవి కోచ్ తేల్చాల్సినవే. ఎదుటి జట్టు కంటే మెరుగైన ఆటగాళ్లు ఉండీ ఓడిన రోజున కోచ్‌ను ప్రశ్నించడం న్యాయం. తనకంటే ఎంతో బలమైన ఉజ్బెకిస్థాన్ చేతిలో ఓడిన రోజున అదే ప్రశ్న అంత న్యాయం కాదు. అభిమానుల కోపం చాలాసార్లు రెండింటికీ ఒకే తూకంలో ఉంటుంది.

కోచ్ వాటా బయటపడే మరో సందర్భం, ఉన్న బలానికి మించి ఆడిన మ్యాచ్. 2019 ఆసియా కప్‌లో స్టీఫెన్ కాన్‌స్టంటైన్ జట్టు థాయ్‌లాండ్‌ను 4-1తో ఓడించింది. జమీల్ కూడా పగ్గాలు చేపట్టిన నెలలోనే తజికిస్థాన్‌ను వాళ్ల గడ్డ మీద 2-1తో ఓడించి, ఆ మ్యాచ్ జరిగిన సీఏఎఫ్‌ఏ నేషన్స్ కప్‌లో ఒమన్‌పై షూటౌట్‌లో గెలిచి మూడో స్థానం తెచ్చాడు. ఓటమికి కోచ్‌ను నిలదీసేవాళ్లు ఈ గెలుపుల్లో కూడా ఆయనకు వాటా ఇవ్వాలి. ప్రతిభే సర్వస్వం అనేవాళ్లు ఇవి ఎలా వచ్చాయో చెప్పాలి.

అదృష్టం అనే మూడో భాగస్వామి

ఫుట్‌బాల్‌లో గోల్స్ తక్కువ. అందువల్ల ఒక్క మ్యాచ్ ఫలితంలో అదృష్టం వాటా ఎక్కువ. దీన్ని లెక్కగట్టడానికి విశ్లేషకులు ‘ఎక్స్‌జీ’ అనే కొలత వాడతారు. అలాంటి చోటు నుంచి, అలాంటి పరిస్థితిలో గతంలో కొట్టిన షాట్లలో ఎన్ని గోల్స్ అయ్యాయో చూసి ప్రతి షాట్‌కూ సున్నా నుంచి ఒకటి లోపు విలువ ఇస్తారు. పెనాల్టీకి సుమారు నాలుగింట మూడు వంతుల విలువ వస్తుంది. దూరం నుంచి కొట్టిన షాట్‌కు నూటికి మూడో, నాలుగో.

ఒక ఊహా మ్యాచ్ తీసుకుందాం. మన జట్టు ఒక్కోటి 0.1 విలువైన పది అవకాశాలు సృష్టించింది. ఎదుటి జట్టు అలాంటివే నాలుగు సృష్టించింది. కాగితం మీద మనదే పైచేయి. కానీ మన పది అవకాశాలూ వృథా అయ్యే సంభావ్యత ఎంత? 0.9ని పదిసార్లు హెచ్చిస్తే 0.35 వస్తుంది. అంటే అలాంటి మ్యాచ్‌లు వంద ఆడితే ముప్ఫై అయిదింటిలో మనకు ఒక్క గోల్ కూడా రాదు. ఎదుటివాళ్లు నాలుగు అవకాశాలలో కనీసం ఒక్కటి గోల్ చేసే సంభావ్యత 0.34. రెండూ కలిసి జరిగే అవకాశం వందకు పన్నెండు. అంటే మనం స్పష్టంగా మెరుగ్గా ఆడినా, ఒక్క గోల్ లేకుండా ఓడిపోయే రోజు ఎనిమిది మ్యాచ్‌లకు ఒకటి వస్తుంది. ఆ రోజు కోచ్‌ను మార్చాలన్న గొడవ మొదలవుతుంది.

భారత జట్టు చరిత్రలో ఇలాంటి క్షణాలు లెక్కలేనన్ని. 2019 ఆసియా కప్‌లో బహ్రెయిన్‌తో డ్రా సరిపోయే మ్యాచ్‌లో తొంభై నిమిషాలు దాటాక పెనాల్టీ ఇచ్చుకుని ఓడడంతో కాన్‌స్టంటైన్ రాజీనామా చేశాడు. 2024లో దోహాలో ఖతార్ సమం చేసిన గోల్‌కు ముందు బంతి గీత దాటి బయటికి వెళ్లినట్టు వీడియోలో కనిపించింది, రిఫరీ మాత్రం గోల్ ఇచ్చాడు. ఆ వారంలోనే స్టిమాక్ ఉద్యోగం పోయింది. అదే ఏడాది నవంబరులో గచ్చిబౌలిలో మలేసియా గోల్ చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది: గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ పెనాల్టీ బాక్స్ వదిలి బంతి కోసం ముందుకు పరుగెత్తాడు, అంచనా తప్పింది, పావులో జోసూ ఖాళీ గోల్‌లోకి బంతిని తోశాడు. ఎంతో అనుభవమున్న కీపర్ లెక్క ఒక్కసారి తప్పడాన్ని ఏ వ్యూహ లోపంగా రాయాలి?

అదృష్టం మాటను సాకుగా వాడే ప్రమాదమూ ఉంది. ఒక్క మ్యాచ్‌లో అది పెద్ద పాత్ర వహిస్తుంది. పదకొండు మ్యాచ్‌లలో నాలుగే గోల్స్ వచ్చినప్పుడు అది పూర్తి వివరణ కాలేదు.

కోచ్‌ను తీసేస్తే జట్టు బాగుపడుతుందా

బాగుపడినట్టు కనిపిస్తుంది, చాలాసార్లు. ఈ కనిపించడం వెనక ఉన్న సంగతిని నెదర్లాండ్స్ ఆర్థికవేత్త బాస్ టెర్ వేల్ తమ దేశపు లీగ్‌లో 1986 నుంచి 2004 దాకా జరిగిన తొలగింపుల మీద పరిశీలించాడు. వరస ఓటముల తరవాత కోచ్‌ను తీసేసిన జట్లు కోలుకున్నాయి. అదే రకంగా ఓడుతూ కూడా కోచ్‌ను ఉంచుకున్న జట్లు కూడా కోలుకున్నాయి. కోచ్‌లను సాధారణంగా తీసేసేది జట్టు తన సగటు కంటే బాగా కింద ఉన్నప్పుడే కాబట్టి, ఆ తరవాత సగటు వైపు తిరిగి రావడం ఎవరున్నా జరిగేదే. కొత్తగా వచ్చినవాడికి ఆ పేరు దక్కుతుంది.

లెస్టర్ సిటీ సంగతి రెండు పక్షాలూ వాడుకుంటాయి. 2014-15లో పద్నాలుగో స్థానం. 2015-16లో క్లాడియో రానియెరీ చేతిలో ఇంగ్లండ్ విజేత. 2017 ఫిబ్రవరిలో ఆయన తొలగింపు. వెంటనే కొత్త కోచ్ వరసగా అయిదు లీగ్ మ్యాచ్‌లు గెలిచాడు. చివరికి జట్టు పన్నెండో స్థానంలో ఆగింది. మధ్యలో వచ్చిన ఆ అద్భుతమైన ఏడాదిని పక్కన పెడితే, మొదలైన చోటుకు దగ్గరగానే ముగిసింది. అయితే ఆ ఏడాదిని పక్కన పెట్టే హక్కు మనకు ఉందా అని లెస్టర్ అభిమాని అడిగితే నా దగ్గర గట్టి జవాబు లేదు.

తొమ్మిదో నంబరు ఎక్కడ తయారవుతాడు

భారత జట్టుకు గోల్స్ రాకపోవడానికి అభిమానులంతా ఒప్పుకునే కారణం తొమ్మిదో నంబరు కొరత, అంటే ఎదుటి గోల్ ముందు నిలబడి గోల్స్ కొట్టే సెంటర్ ఫార్వర్డ్ కొరత. 2024-25 ఐఎస్‌ఎల్‌లో భారతీయులలో ఎక్కువ గోల్స్ కొట్టింది నలభై ఏళ్ల ఛెత్రీ, పద్నాలుగు గోల్స్‌తో. ఇరవై నాలుగేళ్ల కుర్రాడు ఉండాల్సిన చోట అతడున్నాడు.

దీనికి విదేశీ ఆటగాళ్ల నిబంధనను తప్పు పట్టేవాళ్లున్నారు. 2021-22 నుంచి ఒక్కో జట్టు మైదానంలో నలుగురు విదేశీయులను దింపవచ్చు. క్లబ్‌లు సహజంగానే ఆ చోట్లలో ఒకదాన్ని స్ట్రైకర్‌కు ఇస్తాయి, ఎందుకంటే గోల్స్ కొట్టేవాడు లేకపోతే సీజన్ పోతుంది. దాంతో భారతీయ ఫార్వర్డ్ రెక్క మీద, అంటే మైదానం అంచున ఆడతాడు, లేదా చివరి పదిహేను నిమిషాలు ఆడతాడు. మనోలో హైదరాబాద్‌లో కప్ గెలిచింది ఈ పద్ధతిలోనే, జాతీయ జట్టులో ఇబ్బంది పడింది కూడా ఈ పద్ధతి వల్లనే. అవతలి వాదం కూడా తేలికైనది కాదు. విదేశీయులను తీసేసినంత మాత్రాన స్ట్రైకర్ పుట్టడనీ, మెరుగైన డిఫెండర్లను ఎదుర్కోని లీగ్‌లో కొట్టిన గోల్స్ ఆసియా స్థాయిలో పనికిరావనీ వాళ్లంటారు. నాకు తోచినంతలో ఇద్దరూ సమస్యను పదేళ్లు ఆలస్యంగా పట్టుకుంటున్నారు. స్ట్రైకర్ తయారయ్యేది పన్నెండేళ్ల వయసులో ఏడాదికి ఎన్ని మంచి మ్యాచ్‌లు ఆడాడన్న దాని మీద.

ఉజ్బెకిస్థాన్‌ను చూస్తే ఇది తెలుస్తుంది. ఆ దేశపు కుర్రాళ్లు 2023లో అండర్-20 ఆసియా కప్, 2025లో అండర్-17 ఆసియా కప్ గెలిచారు. సీనియర్ జట్టు ప్రపంచ కప్ క్వాలిఫయర్ల మధ్యలో కోచ్ స్రెచ్కో కటానెచ్ అనారోగ్యంతో తప్పుకుంటే తైమూర్ కపాద్జే బాధ్యత తీసుకున్నాడు. బండి ఆగలేదు. 2025 జూన్‌లో ఆ దేశం మొదటిసారి ప్రపంచ కప్‌కు అర్హత సాధించింది. కింద నుంచి ఆటగాళ్లు వస్తూ ఉంటే కోచ్ మారినా ఫలితం తట్టుకుంటుంది.

రహీమ్ సాబ్ ఏ పక్షానికి సాక్షి

కోచింగ్ పక్షం వాళ్లు చివరికి ఎప్పుడూ చెప్పే పేరు హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీమ్‌ది. 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన హయాంలోవి. గొప్ప కోచ్ ఉంటే చాలని దీన్నిబట్టి వాదిస్తారు. వివరాల్లోకి వెళితే ఈ సాక్ష్యం అంత సూటిగా లేదు.

మొదటిది, 1952 హెల్సింకీలో యుగొస్లావియా చేతిలో 1-10తో చిత్తయినప్పుడూ కోచ్ ఆయనే. ఆ జట్టులో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. రెండోది, 1962 జకార్తాలో భారత్ గ్రూప్ దశలో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. ఫైనల్లో అదే కొరియాను 2-1తో ఓడించింది. రోజుల తేడాలో అదే కోచ్, అవే రెండు జట్లు, రెండు ఫలితాలు. ఆ మధ్యలో రహీమ్ చేసిన మార్పు మాత్రం చరిత్రకెక్కింది. తలకు గాయమై కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా దింపాడు. సెమీఫైనల్లోనూ ఫైనల్లోనూ జర్నైల్ గోల్ కొట్టాడు. ఆ ఎత్తును పూర్తిగా కోచ్ ఖాతాలోనే వేయాలి.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. రహీమ్ జాతీయ జట్టుతో పాటు 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకూ కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు ఆనాటి పేరున్న టోర్నీ రోవర్స్ కప్ గెలిచింది. వృత్తిరీత్యా బడి పంతులైన ఆయన డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు, బలహీనమైన కాలితోనే ఆడాల్సిన పోటీలు పెట్టేవాడు. జకార్తా ఫైనల్లో ఆడిన పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్, తులసీదాస్ బలరామ్ హైదరాబాద్, సికింద్రాబాద్ మైదానాల్లో ఎదిగినవాళ్లే. ఆయన ఉన్న ఆటగాళ్లను ఆడించడమే కాదు, రేపటి ఆటగాళ్లు తయారయ్యే నేలనూ దున్నాడు. అందువల్ల రహీమ్‌ను ఈ రోజు జాతీయ కోచ్‌తో పోల్చడం కుదరదు. ఆయన చేసిన రెండో పని ఇప్పటి ఒప్పందాల్లో ఏ జాతీయ కోచ్‌కూ ఉండదు.

సమాఖ్య, క్లబ్‌లు, క్యాలెండరు

2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో చైనాతో మ్యాచ్ 1-5. స్కోరు చూస్తే ప్రతిభ లోటు అనిపిస్తుంది, వరసగా గోల్స్ పడ్డాయి కాబట్టి వ్యూహ లోపమూ అనిపిస్తుంది. జరిగింది ఇది: ఐఎస్‌ఎల్ మొదలవుతున్న వారం కావడంతో క్లబ్‌లు తమ ముఖ్య ఆటగాళ్లను విడిచిపెట్టడానికి ఇష్టపడలేదు, జట్టు చివరి నిమిషం దాకా కూడలేదు, ఆటగాళ్లు చైనా చేరి ఇరవై నాలుగు గంటలు కాకముందే మైదానంలో దిగారు. విరామానికి స్కోరు 1-1. రెండో సగంలో కాళ్లు లేచిరాలేదు. నాలుగు గోల్స్ పడ్డాయి. ఈ ఓటమిని కోచ్ ఖాతాలో గానీ ఆటగాళ్ల ఖాతాలో గానీ రాయడం అన్యాయం. షెడ్యూలు వేసినవాళ్లకు ఖాతా ఎవరూ తెరవరు. 2025లో వాణిజ్య హక్కుల ఒప్పందం ముగింపుకొచ్చి ఐఎస్‌ఎల్ నెలల తరబడి వాయిదా పడినప్పుడు కూడా, లీగ్ లేని ఆటగాళ్లతోనే జమీల్ క్వాలిఫయర్లు ఆడించాల్సి వచ్చింది.

సింగపూర్‌తో రెండు మ్యాచ్‌లు

ఇన్ని కొలతలనూ కలిపి ఒక్కసారి వాడి చూడడానికి 2025 అక్టోబరు సరిపోతుంది. 9న సింగపూర్‌లో తొలి సగం చివర్లో మన మీద గోల్ పడింది. విరామం తరవాత రెండో నిమిషంలోనే సందేశ్ జింగన్‌కు రెడ్ కార్డు. పదిమందితో ఆడుతూ తొంభయ్యో నిమిషంలో రహీమ్ అలీ గోల్‌తో 1-1. 14న మడ్‌గావ్‌లో చాంగ్టే కళ్లు చెదిరే గోల్‌తో ముందంజ. ఆ తరవాత సింగపూర్ ఆటగాడు సోంగ్ ఉయ్-యంగ్ రెండు గోల్స్. ఓటమి 1-2.

పదిమందితో డ్రా తెచ్చుకున్నవాళ్లు పదకొండుమందితో సొంతగడ్డ మీద ఓడారు. మొదటి మ్యాచ్‌లో ప్రత్యర్థి పొరపాటును కాచుకుని అందిపుచ్చుకోవడంలో కొంత పట్టుదల, కొంత అదృష్టం. దాన్ని కోచ్ గొప్పతనంగా రాసుకున్నవాళ్లు అయిదు రోజులకే ఆ పేజీ చించేయాల్సి వచ్చింది. రెండో మ్యాచ్‌లో ఆధిక్యం వచ్చాక దాన్ని విరామం దాకా కూడా నిలుపుకోలేకపోవడం గువాహటీని గుర్తుచేస్తుంది. ఇద్దరు వేర్వేరు కోచ్‌ల కింద జరిగింది కాబట్టి, దీన్ని ఒక కోచ్ అలవాటు అనే కంటే ఒత్తిడిలో బంతిని తమ దగ్గర ఉంచుకోలేని మధ్యవరుస బలహీనత అనడం మేలు. విరామం తరవాత అరగంటకు పైగా సమయం ఉండీ సమం చేసే గోల్ రాకపోవడం మళ్లీ ఆ తొమ్మిదో నంబరు దగ్గరికే తెస్తుంది. జమీల్‌ను నిలదీయాల్సింది ఆ అరగంటలో ఏం ప్రయత్నించాడన్న చోట. ఆ ప్రశ్న ఆయనను చుట్టుముట్టిన మిగతా ఆరోపణల కంటే చిన్నది, కానీ జవాబు చెప్పదగినది.

ఇప్పటిదాకా భారత ఫుట్‌బాల్‌లో జరిగినవన్నీ ఆటగాళ్లను అలాగే ఉంచి కోచ్‌ను మార్చిన ప్రయోగాలే. 2025 నవంబరులో దాన్ని తిరగేసే అవకాశం మొదటి అడుగు వేసింది. ఆస్ట్రేలియాలో పుట్టి, బెంగళూరు ఎఫ్‌సీ ముందువరుసలో ఆడుతున్న రయాన్ విలియమ్స్ ఆ దేశపు పౌరసత్వం వదులుకుని భారత పాస్‌పోర్టు తీసుకున్నాడు. ద్వంద్వ పౌరసత్వాన్ని మన చట్టం అనుమతించదు కాబట్టి, 2012లో భారత పౌరుడైన ఇజుమి అరాతా తరవాత ఈ దారిలో వచ్చినవాళ్లు అరుదు. కాగితాల పని పూర్తికాక విలియమ్స్ ఢాకాలో ఆడలేకపోయాడు. కోచ్ అదే ఉండి, అలాంటివాళ్లు మరో ఇద్దరు ముగ్గురు ముందువరుసలోకి వచ్చి, ఒక ఏడాది పాటు ఆడితే, అప్పుడు వచ్చే గోల్స్ సంఖ్యను 2024 నాటి నాలుగు గోల్స్ పక్కన పెట్టి చూడవచ్చు.